నలభై ఒకటో నంబరు కోటు

సోమవారం పొద్దున్నే హోటల్లో మాసిన బట్టలన్నీ చక్రాల బుట్టల్లో నేలమాళిగలోని లాండ్రీ గదికి దిగేవి. ముందు దుప్పట్లు, వెనక తువ్వాళ్ళు, తర్వాత వంటవాళ్ళ చొక్కాలు, అన్నిటికన్నా ఆఖర్న పనివాళ్ళ నీలం కోట్లు. కోట్ల బుట్ట దగ్గర అందరూ చిన్నది అని పిలిచే అమ్మాయి నిలబడేది. ఒక్కొక్కటే తీసి, కాలరు వెనక కుట్టిన నంబరు చూసి, జేబులు తడిమి, మరకని బట్టి వేరుచేసేది. ఆ గదిలో పద్నాలుగుమంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు గానీ, మరక చూసి మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పగలిగింది చిన్నది ఒక్కతే. "ఈయన నిన్న మేడమీద సిగరెట్టు కాల్చాడు, వాన పడితే తుప్పు పట్టిన తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు" అనేది. ఆరా తీస్తే అక్షరాలా నిజమయ్యేది. అందుకే మగపనివాళ్ళు ఆమె చేతికి కోటివ్వాలంటే కాస్త జంకేవాళ్ళు.

మిగతావన్నీ తీశాక బుట్ట అడుగున ఏడు కోట్లు మిగిలేవి. మెడ దాకా బొత్తాలు పెట్టి, చేతులు మడిచి, ఇప్పుడే ఒంటిమీంచి తీసినంత వెచ్చగా ఉండేవి. అవి వేసుకునే మనుషులు మాత్రం లేరు. ఏడుగురూ ఆ లాండ్రీలో పనిచేసిన ఆడవాళ్ళే, ఏడుగురూ కొండజనమే, గడిచిన నాలుగేళ్ళలో ఒక్కొక్కరుగా పనికి వెళ్ళి ఇంటికి చేరనివాళ్ళే. మనుషులు రాలేదు గానీ కోట్లు వారం వారం మాసి వచ్చేవి. నలభై ఒకటో నంబరుది చిన్నదాని అక్కది.

"ఇవాళ మీ అక్కకి బాగా చెమట పట్టినట్టుందే" అనేది పక్కన తువ్వాళ్ళు విడదీసే పెద్దావిడ, కోటుని చేత్తో తూచి చూసి.

"ఎండలు కదా అత్తా" అనేది చిన్నది.

అంతకు మించి మాట ఉండేది కాదు. మాసిన కోటు వచ్చిందంటే ఉతకాలి. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, సాయంత్రానికి బాయిలరు పక్క గోడ కొక్కేలకి తగిలించేవాళ్ళు. ఆరింటికి బాయిలరు కూత పెట్టేది. ఆ కూత ఊరంతా వినిపించేది, దాన్ని బట్టి గడియారాలు సరిచేసుకునే ముసలివాళ్ళు కూడా ఉన్నారు. కూతతోపాటు ఆవిరి వదిలేవాళ్ళు. గదంతా తెల్లగా కమ్ముకునేది. పనివాళ్ళందరూ గది ఖాళీ చేసి అరగంట పెరట్లో నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తిరిగి లోపలికి వచ్చేసరికి ఏడు కొక్కేలూ ఖాళీగా ఉండేవి.

లాండ్రీ ఇన్‌చార్జిని అందరూ తాళాలాయన అనేవాళ్ళు. నడుముకి తాళాలగుత్తి లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మర్యాదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు. కోట్ల బుట్ట వచ్చే వేళకి మాత్రం గదిలో ఉండేవాడు కాదు. సబ్బు వాసన పడదట. పాతికేళ్ళుగా లాండ్రీలో ఉన్న మనిషికి సబ్బు పడకపోవడమేమిటని ఎవరూ అడగలేదు. అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి లోకంలో, వంతు రావద్దూ!

కొండజనం ఆ పట్నానికి సరదాపడి రాలేదు. కొండ కింద ఏదో లోహం ఉందని తెలిసిన ఏడాది వాళ్ళని లారీల్లో దింపి, పట్నం చివర రేకుల షెడ్లలో పెట్టారు. అప్పటికి చిన్నదానికి పదకొండేళ్ళు, అక్క పెద్దదానికి పద్నాలుగు. కొత్తచోటి నీళ్ళు పడక తండ్రి రెండేళ్ళకే పోయాడు. తల్లి నలుగురిళ్ళలో గచ్చు కడిగేది. పెద్దది పదహారేళ్ళకే లాండ్రీలో చేరి, ఆ జీతంతోనే చిన్నదాన్ని బడికి పంపింది. "కాగితాలు చదవడం నువ్వు నేర్చుకో, మరకలు చదవడం నేను నేర్పుతా" అనేది. రెండూ నేర్చుకుంది చిన్నది. పొద్దున బడి, సాయంత్రం అక్క పక్కన ఇస్త్రీబల్ల. చదువైపోయి తనూ లాండ్రీలో చేరిన ఏడాదే పెద్దది తప్పిపోయింది. మూడేళ్ళ కిందటి మాట. చిన్నదానికి జ్వరమొచ్చి పనికి వెళ్ళని రోజు.

తల్లీ చిన్నదీ పోలీసు స్టేషనుకి వెళ్ళారు. అక్కడి ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, మొత్తం విన్నాడు.

"ఆమె కోటు వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోందండి."

"మాసి వస్తోందా?"

"మాసే వస్తోందండి."

"మరింకేంటమ్మా? కోటు మాసిందంటే మనిషి తొడుక్కున్నట్టేగా. తొడుక్కున్న మనిషి తప్పిపోయిందని నేను రాస్తే పైవాళ్ళు నా తల తీస్తారు."

"ఇంటికి రావట్లేదు కదండీ" అంది తల్లి.

"అది మీ ఇంటి సంగతి. ఏమనుకోకండి, మీ కొండవాళ్ళు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంటారని ఊరందరికీ తెలిసిందే" అన్నాడాయన. చాలా మెత్తగా అన్నాడు. గద్దించి పంపినా అంత బాధ ఉండేది కాదు.

ఆ రోజు నుంచి చిన్నది ఊరుకోలేదు. మిగతా ఆరుగురి ఇళ్ళకీ వెళ్ళింది. ఆరిళ్ళలోనూ అదే కథ, అదే ఇన్‌స్పెక్టరు, అవే మంచినీళ్ళు. అందరూ ఆదివారాలు చిన్నదాని షెడ్డులో కూర్చునేవాళ్ళు. ఆమె అర్జీలు రాసేది, వాళ్ళు వేలిముద్రలు వేసేవాళ్ళు. ఎలాగూ రాస్తోంది కదా అని చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చారు. ఒకరికి కొళాయి కావాలి, ఒకరికి పిల్లాడి పుట్టినకాగితం కావాలి, ఒకరికి చూరు కారుతోంది. చిన్నది అన్నిటికీ రాసింది, అన్ని ఆఫీసులకీ కాళ్ళరిగేలా తిరిగింది. కొళాయి వచ్చింది. పుట్టినకాగితం వచ్చింది. రేకులు కూడా మార్చారు. ఏడుగురి గురించి రాసిన అర్జీ మాత్రం వెళ్ళిన ప్రతిసారీ ఒకే జవాబుతో తిరిగొచ్చేది. కోట్లు వస్తున్నందున మనుషులు ఉన్నట్టే పరిగణించడమైనది.

అర్జీలు ఒక చేత్తో, వెతుకులాట ఒక చేత్తో. ఏడు కోట్లకీ ఎప్పుడూ ఒకే మరక ఉండేది. అంచు చుట్టూ తెల్లటి సున్నం, దాని మీద వేలికి జారే బూడిదరంగు జిగురు. సున్నం కదా అని చిన్నది ఏటి ఒడ్డున ఉన్న సున్నపు బట్టీలన్నీ తిరిగింది. వెల్లవేసే మేస్త్రీలని పట్టుకుంది. తోళ్ళు నానబెట్టే తొట్లలో చెయ్యిపెట్టి చూసింది. సెలవు దొరికితే చాలు, చెప్పులేసుకుని బయల్దేరేది. పట్నంలో సున్నం తగిలిన గోడల్లో ఆమె గోకి చూడనిది లేదు. ఎక్కడా ఆ జిగురు కలవలేదు.

"నువ్వు మరీ కింద వెతుకుతున్నావు" అంది ఒక ఆదివారం టైలరమ్మ. ఆవిడ కూతురిది ఇరవై ఆరో నంబరు కోటు. "మనం కాగితమిస్తే బల్ల కింద తోసేస్తారు. అదే నెత్తిన కిరీటం పెట్టుకున్న పిల్ల ఇస్తే లేచి నిలబడి అందుకుంటారు. ఊరి పుట్టినరోజుకి అందాల పోటీ పెడుతున్నారు. పేరిచ్చి రా."

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. చిన్నది తన చేతులు చూసుకుంది. బట్టల సోడాకి పగిలి, వేళ్ళ మధ్య తోలు లేచిపోయిన చేతులు.

"ఈ చేతుల్తోనా పిన్నీ?"

"పైదాకా వచ్చే చేతిజోళ్ళు కుడతాను. మొహం దేవుడిచ్చాడు, ఎత్తు మీ నాన్నిచ్చాడు, గౌను నేనిస్తాను. సిగ్గు ఒక్కటీ నువ్వు ఇంటిదగ్గర వదిలేసి వెళ్ళు."

అలా పేరిచ్చింది. పోటీకి నడక నేర్పే టీచరొకావిడ ఉండేది. "కిందికి చూడొద్దమ్మా, నేలకేసి చూస్తూ నడిస్తే పనిమనిషిలా ఉంటావు" అని రోజుకి పదిసార్లు అనేది. "పనిమనిషినేగా మేడమ్" అనేది చిన్నది. తలెత్తడం మాత్రం నేర్చుకుంది. మొదటి వడపోతలో ఆమెని చూసి వెనక బెంచీలవాళ్ళు "లాండ్రీ సుందరి" అని ఈలలు వేశారు. రెండో వడపోతలో ఈలలు తగ్గాయి. మూడోదానికి కొండజనం రెండు లారీల్లో దిగారు. వాళ్ళని లారీల్లో ఎవరూ ఎక్కించకుండా వాళ్ళంతట వాళ్ళు ఎక్కడం అదే మొదటిసారి. ఆరుగురు ఆఖరి పోటీకి మిగిలారు. అందులో చిన్నది ఒకతి.

ఆఖరి పోటీ టౌనుహాల్లో, సోమవారం సాయంత్రం. చివరి అంకంలో ప్రతి పిల్లా తను చేసే పని బట్టల్లో రావాలని నియమం పెట్టారు. ఆదివారం పొద్దున తల్లికి గంజి పోస్తూ చిన్నది చెప్పింది.

"అమ్మా, రేపు అక్క కోటు వేసుకుంటాను."

తల్లి గిన్నె దించింది. ఒకసారి, రెండేళ్ళ కిందట, ఆవిడ కూత పెట్టే వేళకి లాండ్రీలో మొండికేసి కూర్చుంది, కోటుని ఎవరు తీసుకెళ్తారో చూడాలని. ఆవిరి కమ్మింది. గుడ్డలు రాసుకుంటున్న చప్పుడు చెవి పక్కనే వినిపించింది. ఆవిరి విడిపోయేసరికి ఆవిడ మోకాళ్ళు తడిగా ఉన్నాయి, కొక్కెం ఖాళీగా ఉంది.

"ఆరింటికి అది పోతుంది" అంది తల్లి. "నువ్వు అందులో ఉంటే నువ్వూ పోతావు."

"పోవాలనే."

"ఒకదాన్ని పోగొట్టుకున్నాను చాలదా? నీకు పుణ్యముంటుంది, ఆ పని చెయ్యకు."

"అక్క ఒక్కతే పోయిందమ్మా. ఎవరూ చూడలేదు. నేను వెయ్యిమంది చూస్తుండగా పోతాను. ఉత్త లాండ్రీ మనిషి వీధిలో నడిచిపోతే ఎవడూ తల తిప్పడు. కిరీటం పెట్టుకున్నది నడిస్తే కెమెరాలు వెంటబడతాయి. ఆ ఇన్‌స్పెక్టరు బందోబస్తుకి అక్కడే ఉంటాడు, ఆయనా రావాలి కదా."

తల్లి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నీ చెయ్యి పట్టుకుని నేనూ వస్తాను" అంది.

"చెయ్యి పట్టుకోకు. వెనకే రా."

సోమవారం చిన్నది అన్నిటికన్నా ముందు నలభై ఒకటి ఉతికింది. మధ్యాహ్నానికి ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుంటుంటే పెద్దావిడ చూసింది. కాలరు మడత ఒకచోట సరిచేసింది. లాండ్రీలో అందరికీ ఆ పూట సెలవిచ్చాడు తాళాలాయన. "మన పిల్ల గెలుస్తుంటే చూడొద్దూ, వెళ్ళండి వెళ్ళండి" అన్నాడు. మంచి మనసని అందరూ మెచ్చుకున్నారు.

టౌనుహాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసల్లో పెద్దలు, చివరి వరసల్లో కొండజనం. లాండ్రీవాళ్ళంతా ఒకే వరసలో కూర్చున్నారు. తల్లి పక్కన ఒక్క కుర్చీ ఖాళీ. అది గొణుగుడమ్మకి పట్టిన కుర్చీ. నెలకిందటే లాండ్రీలో చేరిన కొండమనిషి, ఇద్దరు పిల్లల తల్లి. నీళ్ళు వేడెక్కలేదని, దుప్పట్లు బరువని, పొద్దు త్వరగా పోదని, దేనికో దానికి గొణుగుతూ ఉండేది గనక ఆ పేరొచ్చింది. తప్పకుండా వస్తానంది. తల్లి ఆ కుర్చీ మీద తన శాలువా వేసి, వచ్చిన ప్రతివాళ్ళనీ "మనిషుంది, మనిషుంది" అని పంపేస్తూ కూర్చుంది.

ఆఖరి అంకంలో నర్సు వచ్చింది, టీచరు వచ్చింది, బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. అందరి బట్టలూ కొత్తవి, పోటీ కోసం కుట్టించినవి. నలభై ఒకటో నంబరు నీలం కోటు వేసుకుని, చేతిజోళ్ళు తీసేసి, పగిలిన చేతులతో చిన్నది వచ్చింది.

"గెలిస్తే ఏం చేస్తారు?" అని అందరినీ అడిగిన ప్రశ్నే అడిగాడు న్యాయనిర్ణేత.

ఆమె ముందు తన కొండభాషలో చెప్పింది. చివరి వరసలు కుర్చీలు కదిలిన చప్పుడుతో ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. తర్వాత అదే మాట పట్నం భాషలో చెప్పింది.

"ఈ కోటు నాది కాదండి. మా అక్కది. మూడేళ్ళుగా వారం వారం ఉతుకుతున్నాను. మా వాళ్ళు ఏడుగురు ఇంటికి రాలేదు. వాళ్ళు తప్పిపోయారని రాయమంటే ఎవరూ రాయలేదు. ఆరింటికి ఈ కోటు ఎక్కడికో వెళ్తుంది. నాకు తెలియదు, కానీ దీంతో వెళ్తాను. మీరందరూ నా వెనక రండి. నేనడిగేది అంతే."

కిరీటం పెట్టేసరికి ఆరుకి నాలుగు నిమిషాలుంది. జాలిపడి ఇచ్చారని కొందరన్నారు, భయపడి ఇచ్చారని కొందరన్నారు. నన్నడిగితే ఆ సాయంత్రం ఆ హాల్లో ఆమె కన్నా అందమైన మనిషి లేదు. బొకే చేతికిచ్చి, ఫొటోకి నవ్వమని చెప్తుండగా దూరంగా బాయిలరు కూత పెట్టింది.

కోటు పైబొత్తాం దానంతటదే పెట్టుకుంది. చేతులు వెచ్చబడ్డాయి. అంచు నుంచి ఒక్కొక్క చుక్కే నీళ్ళు కారడం మొదలైంది. చిన్నది మెట్లు దిగి, మధ్య దారిలోంచి, తలెత్తుకుని నడిచింది. బొకే ఎక్కడ జారిందో ఆమెకి తెలియదు. ముందు తల్లి లేచింది, తర్వాత టైలరమ్మ, తర్వాత కొండజనం, కెమెరాలవాళ్ళు, పెద్దలు. ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని జనం తోపులాటని అదుపు చేయబోయి, ఆ తోపులాటలోనే ముందుకి వచ్చేశాడు.

వీధి పొడుగునా కొట్లవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. వెనక అంతమంది నడుస్తున్నా పిల్లల ఏడుపు కూడా వినిపించలేదు. ఆమె అడుగుపెట్టిన చోటల్లా తారురోడ్డు మీద సున్నపు పాదం పడుతోంది. ఆమె కాళ్ళకి జోళ్ళున్నాయి. పడుతున్నవి ఉత్తకాళ్ళ ముద్రలు. తల్లి వాటిని తొక్కకుండా పక్కగా నడిచింది. ఒకచోట వంగి చూసి, "ఇది పెద్దదాని కాలు, చిటికెనవేలు చూడు" అంది ఎవరితోనో.

ఏటివైపు తిరుగుతుందనుకుంది చిన్నది, బట్టీలవైపు. కోటు తిరగలేదు. మందులషాపు దాటి, రొట్టెల బట్టీ దాటి, రోజూ ఉదయం ఏడింటికి తను నడిచే దారినే నడిపించింది. హోటలు వెనక గేటు. పెరడు. నేలమాళిగ మెట్లు. లాండ్రీ తలుపు. కోటు అక్కడ ఆగింది. లోపల్నుంచి గడియ పెట్టి ఉంది.

ఇన్‌స్పెక్టరు తలుపు కొట్టాడు. లోపల ఏదో ఇనుప వస్తువు నేల మీద రాసుకుంటున్న చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. కాసేపటికి గడియ తీసి, ఆవిరిలోంచి తాళాలాయన తల బయటపెట్టాడు. చొక్కాచేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. నడుముకి తాళాలగుత్తి లేదు.

"ఏంటండీ ఇంతమంది?" అన్నాడు.

"అమ్మయ్య, వచ్చారా!" అని లోపల్నుంచి గొంతు వినిపించింది. గొణుగుడమ్మ అటు తిరిగి ఇస్త్రీ చేస్తోంది, మొహమంతా చెమట. "అందరికీ సెలవిచ్చి నాకొక్కదానికే దుప్పట్లు ఇచ్చాడమ్మా. ఆవిరి వదిలితే గది ఖాళీ చెయ్యాలి కదా, గడియెందుకు పెట్టావయ్యా అని అప్పట్నుంచి అడుగుతున్నాను, వినిపించుకుంటేగా?"

కోటు చిన్నదాన్ని ఆవిడ పక్కనుంచి, కొక్కేల గోడ పక్కనుంచి, బాయిలరు వెనక్కి తీసుకెళ్ళింది. ఉతికిన నీళ్ళన్నీ కాలవలో పారి అక్కడ ఒక పాత బావిలో పడతాయి. దానిమీద ఇనుపమూత ఉంటుంది. మూత సగం పక్కకి జరిపి ఉంది. దాని తాళం, తాళాలగుత్తితో సహా, నేలమీద ఉంది. బావి అంచు చుట్టూ బస్తాలకొద్దీ చల్లిన సున్నం, దాని మీద సబ్బునీళ్ళ బూడిదరంగు జిగురు.

చిన్నది వేలితో తాకింది. మూడేళ్ళుగా గోడగోడకీ గోకి వెతికిన మరక అదే. ఉతికేవాళ్ళకి మరకంటే బయటినుంచి వచ్చేది. తమ గదిలో ఉండేవి సబ్బూ సోడా వేడినీళ్ళూ, అవి మరకని వదిలించేవి, అవే మరకవుతాయని ఉతికేవాళ్ళెవరికీ తట్టదు. ప్రతి సోమవారం తను ఆ కోటు ఉతికి, ఆ నీళ్ళని అక్క మీదికే వదిలింది. ఆ సంగతి తెలిసి చిన్నది నిలువునా కూలిపోయింది. కిరీటం రాయి మీద పడి దొర్లింది. కోటు బొత్తాలు ఒక్కొక్కటే ఊడి, భుజాల మీంచి జారి, చల్లబడి, మామూలు గుడ్డలా బావి పక్కన పడింది. తల్లి వచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

తాళాలాయన మెట్లదాకా వెళ్ళాడు. మెట్ల నిండా కొండజనం నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఆయన మీద చెయ్యి వెయ్యలేదు, ఒక్కరూ పక్కకి తప్పుకోలేదు.

ఇన్‌స్పెక్టరు బావిలోకి చూశాడు. చూసి, టోపీ తీసి, గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక బట్టలబుట్ట బోర్లించి దానిమీద కూర్చుని, జేబులోంచి పుస్తకం తీశాడు.

"మీ పెద్దమ్మాయి పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నాడు.

తల్లి చెప్పింది. ఆయన రాశాడు. తర్వాత టైలరమ్మ చెప్పింది. ఏడు పేర్లూ రాయడం అయ్యేసరికి చిన్నది లేచి, ఆయన పక్కన నిలబడి, రాసినవాటిలో అక్షరం పొల్లుపోకుండా ఒక్కొక్కటే చదివి సరిచూసింది.

గొణుగుడమ్మకి ఏం జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. జనం తోసుకుంటుంటే ఆవిడ ఇస్త్రీపెట్టె ఆపి, చేతులు కడుక్కుని, మిగిలిన నాలుగు దుప్పట్లూ రేపు చేస్తానని ఎవరితో చెప్పాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసింది. పోటీ చూడనివ్వలేదని, పొద్దుపోయిందని, కాళ్ళు లాగేస్తున్నాయని గొణుక్కుంటూ ఇంటికి వెళ్ళింది. పిల్లలకి అన్నం పెట్టి, తనూ తిని, పడుకుంది.